ద్రాక్షమ్మ సీసా, నాయనమ్మ ముడి

ఆ రోజుల్లో నాతో ఎవరైనా మంచిగా మాట్లాడితే ముందు జేబు తడుముకునేవాణ్ణి. ఇందులో నా తప్పు కన్నా నా ఉద్యోగం తప్పే ఎక్కువ. డిగ్రీ మధ్యలో వదిలేసి సూరత్ బట్టల మార్కెట్లో ఒక చీరల దుకాణంలో పార్శిళ్ళు కట్టే పనికి కుదిరాను. అక్కడ సేటు 'బేటా' అని పిలిచాడంటే ఆదివారం కూడా పనికి రావాలని అర్థం. 'తూ తో ఘర్ కా హై', నువ్వు మా ఇంటివాడివే అన్నాడంటే ఈసారి బోనస్ లేదని అర్థం. బయటి ఊరి వ్యాపారులు వచ్చి 'రంగు పోదు కదా' అని అడిగితే మా సేటు కళ్ళు మూసుకుని గోడ మీది దేవుడి పటం వైపు చెయ్యి చూపించేవాడు (ఆ చెయ్యి ఎప్పుడూ పటానికి కాస్త పక్కన, గడియారం మీదికి పోయేదని నాకొక్కడికే తెలుసు). అలాంటి చోట ఏడాది పనిచేస్తే ఎవరికైనా లోకం మీద ఒక చూపు వస్తుంది. నాకైతే ఆ చూపు ఎంత బాగా వచ్చిందంటే, కూరగాయల బండి ఆమె కొత్తిమీర ఉచితంగా వేస్తే ఇంటికొచ్చి ఒక్కో కాడా విప్పి చూసేవాణ్ణి.

మా ఇల్లు ఉధ్నాలో, మగ్గాల షెడ్ల వెనక గల్లీలో. కింద ఒక గది, దాని పైన రేకుల మేడ. మా బాపు పవర్‌లూమ్ కార్ఖానాలో పని. పన్నెండు గంటల షిఫ్టు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఆ మగ్గాల చప్పుడులో బతికి బతికి ఆయనకు మెల్లగా మాట్లాడటం అనేది మరుపు వచ్చేసింది. రహస్యం చెప్పినా గల్లీ చివరి పాన్ డబ్బా దాకా వినపడేది. అమ్మ ఇంట్లోనే చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. మూట తెచ్చి పడేసేవాడు ఒకడు, మళ్ళీ వచ్చి తీసుకెళ్తూ ప్రతి చీరలోనూ ఒక తప్పు పట్టేవాడు ఒకడు. ఇద్దరూ ఒక్కడే. బడికి పోయే చెల్లె ఒకతి. ఇక నాయనమ్మ. ఆమె గురించి ఒక్క వాక్యంలో చెప్పలేను కనక వచ్చినప్పుడు వస్తుంది, ఆమె పద్ధతి కూడా అదే.

దారాల పని లేని మధ్యాహ్నాల్లో అమ్మ, పక్కింటి ఆడవాళ్ళు కూర్చుని మగ్గాల దగ్గర పారేసే చిందీతో, అంటే బట్ట అంచున కోసేసే పీలికలతో, సంచులు కుట్టేవాళ్ళు. ఒక రంగు పక్కన ఇంకో రంగు పీలిక వేసి, గట్టిగా మెలి తిప్పి కుడితే బస్తా బియ్యం మోసినా తెగేది కాదు. అవి కూరగాయలకు, టిఫిన్లకు, ఇరుగుపొరుగుకు. మా గల్లీ ఆడవాళ్ళు షిర్డీకి బస్సు కట్టించుకుని వెళ్ళినప్పుడు ప్రతి చేతిలోనూ అమ్మ కుట్టిన సంచే. తిరుగు ప్రయాణంలో బస్సు నాసిక్ దగ్గర ఒక ద్రాక్షతోట ముందు టీకి ఆగిందట. ఆ తోట గేటు దగ్గర నిలబడ్డ ఒకావిడ పక్కింటి ఆమె చేతిలోని సంచి చూసి, తిప్పి చూసి, లోపలి కుట్టు కూడా చూసి, 'ఇది ఎవరు కుట్టారు?' అని అడిగి మా ఇంటి ఫోన్ నంబరు తీసుకుందట. ఇంత విని నేను మొదట అన్న మాట, "లోపలి కుట్టు ఎందుకు సూసింది?"

ఆమె ఫోన్ చేసినప్పుడు మాట్లాడింది నేనే, ఇంట్లో మర్యాద హిందీ నాకే వచ్చు కాబట్టి. వాళ్ళది కుటుంబ వ్యాపారమట. అమ్మానాన్నా, అన్నావదినా, తనూ, అందరూ తోటలోనే. సొంత ద్రాక్షతో సొంతంగా వైన్ చేస్తారట. సీసాలకు ప్లాస్టిక్కు చుట్టడం మానేసి, పారేసే బట్టతో ఆడవాళ్ళు ఇంట్లో కుట్టిన సంచులు వేద్దామని ఉందట. ధర మేమే చెప్పాలట. నేను ఫోన్ పెట్టేసి కాసేపు గోడకు ఆనుకున్నాను. ధర మేమే చెప్పాలి అనే సేటును నేను కథల్లో కూడా వినలేదు.

"వైన్ అంటే ఏంది రా?" అంది అమ్మ.

"ద్రాక్షపండ్ల సారా."

ఆ మాట అనేటప్పుడు నాయనమ్మ మూలన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట ఆగిపోయింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సిరిసిల్ల వైపు నుంచి మా వాళ్ళు పొట్ట చేతపట్టుకుని బయల్దేరినప్పుడు, మా చుట్టాలందరూ భివండీకో షోలాపూర్‌కో పోయారు. మేం సూరత్ రావడానికి కారణం నాయనమ్మ. గుడుంబా తాగి వచ్చి మా తాత పెట్టిన బాధలు పడి పడి, 'గుజరాత్ల సారా బంద్ ఉన్నదట, గాడికే పోదాం' అని పట్టుబట్టి మొగుణ్ణీ పిల్లల్నీ రైలెక్కించింది. (తాత దిగిన వారంలోనే ఇక్కడా ఎక్కడ దొరుకుతుందో కనుక్కున్నాడు, అది వేరే సంగతి. కానీ దాక్కుని తాగాల్సి రావడం వల్ల ఇంటికొచ్చాక అరవడం తగ్గిందని నాయనమ్మ చెప్పేది.) అలాంటి మనిషి ముందు నేను సారా అన్నాను.

"సీసా ఇంట్లకు రావద్దని ఊరిడిసి వచ్చిన," అంది నాయనమ్మ. "ఇప్పుడు నా కోడలు దానికి అంగీలు కుడ్తదా?"

 మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే అమ్మ నాతో అంది, "దారాలు కత్తిరిచ్చుడు ఎవ్వలన్న జేస్తరు రా. గా సంచి నేను మనసుల అనుకొని కుట్టిన. ఆమె నా పని సూసి ఫోన్ జేసింది. నాకు ఫోన్ జేసి పని అడిగినోళ్ళు ఇన్నొద్దులల్ల ఎవ్వలున్నరు చెప్పు?"  మా అమ్మ ఏదైనా కావాలని అడగడం నేను అంతకుముందు వినలేదు. ఈ పని ఆమెకు దొరకాలి అని ఆ మధ్యాహ్నమే గట్టిగా అనుకున్నాను. అనుకున్నవాడు దానికి అడ్డం పడకుండా ఊరుకుంటే బాగుండేది.

కొలతకోసం ఆవిడ కొరియర్లో ఒక ఖాళీ సీసా పంపింది. మందు నిషేధం ఉన్న రాష్ట్రంలో, మా ఇంటి అడ్రసుకు, పక్కాగా నా పేరు రాసి! ఖాళీ సీసా నేరమో కాదో నాకు తెలియదు. ఎవరినైనా అడుగుదామంటే ఎందుకు అడుగుతున్నావంటారు. అందుకని ఆ సీసా కొన్నాళ్ళు బియ్యం డబ్బాలో ఉంది, కొన్నాళ్ళు చెల్లె బడిసంచిలో ఉంది (చెల్లెకు తెలియకుండా), ఒక రోజంతా దేవుడి పటాల వెనక పసుపు పూసుకుని ఉంది. అమ్మ తలుపు వేసి, తెర దించి, ఫ్యాను తిప్పి కొలతలు తీసేది. కుట్టు మిషను చప్పుడుకు ఎవరైనా వస్తారేమోనని నేను గడపలో కాపలా.

ఒకసారి వచ్చేశాడు కూడా, ఇంటి ఓనరు కాకా. నీళ్ళ మోటారు గురించి చెప్పడానికి. ఆయనకు ఉల్లిపాయ వాసన కూడా పడదు, ఇక మా గదిలో మందు సీసా చూశాడంటే సాయంత్రానికి సామాను గల్లీలో ఉంటుంది. అమ్మ చేతిలో సీసా, కాకా కాలు గడప మీద. అప్పుడు ఎవరూ ఊహించని పని జరిగింది. నాయనమ్మ అమ్మ చేతిలోంచి సీసా లాక్కుని, కింద పెట్టి, దాని మీద చీర పరిచి కూర్చుంది. "కేమ్ ఛో మా?" అని బాగోగులు అడిగాడు కాకా. "మజామా," అంది నాయనమ్మ కదలకుండా. ఆయన మోటారు గురించి ఎంతసేపు చెప్పాడో, ఆమె ఎంత ఓపికగా తలూపిందో! వెళ్ళాక లేచి నడుం పట్టుకుని అమ్మతో అంది, "నీ సంచి గురించి గాదు. మన కమ్ర ఖాళీ గావద్దని." కానీ ఆ రోజు నుంచి అమ్మ సంచి కుడుతుంటే మూలనుంచి ఒక కన్ను అటు ఉండేది.

నమూనా సంచులు పంపాం. ఆవిడకు నచ్చాయి. అయితే పని ఇచ్చేముందు తనే వచ్చి చూస్తానంది. ఎందుకని అడిగాను. మేము ఎవరి చేత పని చేయించుకుంటామో వాళ్ళ ఇంట్లో గాలి వెలుతురు ఎలా ఉన్నాయి, ఎన్ని గంటలు పనిచేస్తారు, పిల్లల చేత చేయిస్తారా, ఇవన్నీ చూసుకుంటాం, మా ఇంటి పద్ధతి అది అంది.  ఇవన్నీ అడిగేవాణ్ణి ఉధ్నాలో ఒక్కణ్ణే చూశాం. వాణ్ణి ఇన్స్‌పెక్టర్ అంటారు. ఇక నా బుర్ర తన పని తను మొదలుపెట్టింది. ఈమె వైన్ ఆమె కాదు. లేకపోతే వైన్ ఆమే, కానీ మా సంచుల్లో పెట్టి సరుకు ఇటు దింపే ఆలోచన. అదీ కాకపోతే చిందీ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని మమ్మల్ని వదిలేసే ఆలోచన. మూడిట్లో ఏదైనా సరే, జాగ్రత్త పడాలి.

బాపును సలహా అడిగాను. కార్ఖానాకు ఇన్స్‌పెక్టర్లు వచ్చినప్పుడు సేట్లు ఏం చెప్పమంటారో ఆయనకు కంఠతా వచ్చు. మా వాళ్ళు ప్రశ్నలు అడిగేవాడి ముందు నిలబడటం నేర్చుకున్నది ఆ కార్ఖానాల్లోనే. అడిగినవాడు సంతోషంగా వెళ్ళిపోవాలి, అంతే.

"ఏమడిగినా ఒక్కటే జవాబు!" అన్నాడు బాపు తన మామూలు గొంతుతో. "ఆఠ్ ఘంటా! పన్నెండు గంటలు జేసినా ఎనిమిదే, ఆఠ్ ఘంటా! గదొక్కటి నోట్లె పెట్టుకుంటే ఎవ్వడేం పీకలేడు!"

"ఇన్స్‌పెక్టర్ వస్తున్నడా అన్నా?" అని ఎదురింటి నుంచి ఎవరో అరిచారు.

ఆ వారమంతా గల్లీ ఆడవాళ్ళకు నేను తర్ఫీదు ఇచ్చాను. ఎన్ని గంటలు పని? ఆఠ్ ఘంటా. షాబాష్. పిల్లలు కనపడకూడదు, అందరూ మేడ మీదికి. నాయనమ్మ కూడా కనపడకూడదు. ముసలామె చేత పని చేయిస్తున్నారంటారని ఆమెకు చెప్పాను గానీ, నా అసలు భయం ఆమె నోరు. ఆమెను పక్కింట్లో టీవీ ముందు కూర్చోబెట్టి బయటినుంచి గొళ్ళెం పెట్టాను.

ఆవిడ ఆదివారం పొద్దున నవసారి మీదుగా వచ్చి, సచిన్ అనే ఊరు దాటాక ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఆటో దిగి మా గల్లీలోకి నడిచి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. నలిగిన నూలు చీర, ఎండకు కమిలిన చేతులు. యజమాని అంటే ఏసీ కారు దిగుతుందనుకున్న నాకు అది మొదటి అనుమానం. కుర్చీ వేస్తే కింద కూర్చుంది, అది రెండోది. మా బిందెలో నీళ్ళు అడిగి తాగింది. ఇక లెక్క పెట్టడం మానేశాను. నాయనమ్మ ఆమెకు అప్పటికే ద్రాక్షమ్మ అని పేరు పెట్టేసింది కాబట్టి నేనూ అలాగే అంటాను.

ద్రాక్షమ్మ నవ్వుతూ ఆడవాళ్ళను అడిగింది, రోజుకు ఎన్ని గంటలు కుడతారని.

"ఆఠ్ ఘంటా!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. నాకు గర్వంగా అనిపించింది.

"మరి ఒక్క సంచి కుట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఆఠ్ ఘంటా!"

నేను పక్కనుంచి దగ్గాను. వాళ్ళు దాన్ని మెచ్చుకోలు అనుకున్నారు. మధ్యలో భోజనానికి, విశ్రాంతికి ఎంతసేపు ఆగుతారని ఆమె అడిగేసరికి ఇంకా ఉత్సాహంగా, "ఆఠ్ ఘంటా!"

ఆమె నవ్వు మెల్లగా తగ్గింది. ఎవరో నేర్పించిన మాటలని చిన్నపిల్లకైనా తెలిసిపోతుంది. గదంతా ఒకసారి చూసింది. గడప దగ్గర విడిచిన చెప్పుల మీద ఆమె చూపు ఆగింది. పెద్దల చెప్పుల పక్కన వరసగా చిన్న చెప్పులు. పిల్లల్ని మేడ ఎక్కించిన మేధావికి చెప్పులు గుర్తు రాలేదు.

"ఇవి ఎవరివి?"

"నావి," అన్నాను. గులాబీ రంగువి, మీద సీతాకోకచిలుక ఉంది. నమ్మించడానికి వేలు దూర్చి చూశాను కూడా. అదే సమయానికి మేడ మీద ఎవరో కిసుక్కున నవ్వారు, వెంటనే ఇంకెవరో ష్ అన్నారు.

ద్రాక్షమ్మ లేచి నిలబడింది. ఆమెకు కోపం రాలేదు, వచ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది. "నేను పని బాగుందనే వచ్చాను," అంది హిందీలో మెల్లగా. "కానీ పిల్లల్ని దాచిపెట్టే చోట కుట్టిన సంచి మా సీసాకు వెయ్యలేను. మా నాన్నకు ఏం చెప్పుకోను?" అమ్మకు ఆ హిందీ పూర్తిగా అర్థం కాలేదు. "ఏమంటున్నది రా? మంచిగున్నదంటున్నదా?" అని నా మొహంలోకి చూసింది. ఆమె చేతిలో ఇంకా సంచి ఉంది, చూపించడానికని ఇస్త్రీ చేసి పెట్టుకున్నది. నేను ఎంత తెలివైనవాణ్ణో నాకు ఆ క్షణంలో పూర్తిగా అర్థమైంది. 

అప్పుడు పక్కింటి తలుపు ధన్ ధన్ మని మోగింది. గొళ్ళెం ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు (బాపు మీద నాకు అనుమానం ఉంది). నాయనమ్మ వచ్చి గది మధ్యలో నిలబడి, ముందు మేడ వైపు కేకేసింది, "అరే పోరగాండ్లు, దిగుండ్రి!" పిల్లలు దిగారు. ఒకడి చేతిలో బ్యాటు, మా చెల్లె చేతిలో సగం తిన్న మామిడికాయ. తర్వాత నావైపు తిరిగింది.

"గీ పోరడు మమ్ముల వారం సంది ఆగం జేస్తున్నడు. నేను జెప్పేది జెప్పు ఆమెకు. జర గూడ మార్చకు. పొద్దుగాల నల్లా నీళ్ళు వట్టుకొని, వంట జేసి, పగటి బువ్వ తిన్నంక కూసుంటరు. ఒక్క సంచికి బువ్వ ఉడికేంత సేపు. యాష్టకొస్తే పండుకుంటరు. గీ పిల్లకు సూదిల దారం ఎక్కిచ్చుడే రాదు, అది సంచి కుడ్తదా? అంగీకి గుండీ ఊడితే గూడ నా తానికే వస్తది."

చెప్పాను. చెల్లె ఆ అవమానానికి మామిడికాయ దాచుకుంది. ద్రాక్షమ్మ మొహంలో ఏదో సడలింది గానీ నాయనమ్మ ఆమెను ఊపిరి తీసుకోనివ్వలేదు. ఎదురుగా కూలబడి, "కూసో," అంది. "నువ్వు మా ఇల్లు జూసినవ్. ఇప్పుడు నీ ఇల్లు నేను జూస్త. నీ తోటల పండ్లు తెంపేటోళ్ళు ఎవ్వలు? వాళ్ళకు నీడున్నదా? ఆడోళ్ళు బయటికి యాడికి పోతరు?"

ఆ తర్వాత జరిగిన విచారణ లాంటిది ఏ ఇన్స్‌పెక్టరూ చేసి ఉండడు. ద్రాక్షమ్మ ఒక్కోటీ ఓపికగా చెప్పింది. పండ్లు తెంపడానికి ఏటా అవే కుటుంబాలు వస్తాయి, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే కూలి. పసిపిల్లలకు నీడన గది, అందులో చూసుకునే ఆమె. తొక్కలూ గింజలూ మళ్ళీ తోటకే ఎరువు. అమ్మిన సీసాలు వెనక్కి తెస్తే కడిగి మళ్ళీ వాడతారు. పీపాలు కడిగిన నీళ్ళు రెల్లు వేసిన గుంటలో తేర్చి చెట్లకు పెడతారు. నేను తెలుగులో చెప్తూ ప్రతి మాటకీ చివర 'అట' తగిలించాను. ఒకటే కూలి అట, గది ఉందట, నీళ్ళు తేరుస్తారట.

"నువ్వు అట అట అనకు," అంది నాయనమ్మ. "ఆమె అన్నదే అను." మళ్ళీ ఆమె వైపు తిరిగి, "మా ఖాడీ కాల్వల నీళ్ళు ఒకనాడు ఎర్రగ, ఒకనాడు నీలం. మీ నీళ్ళు ఏ రంగు?" ద్రాక్షమ్మ నవ్వి, తేరాక రంగు ఉండదు, కప్పలు కూడా ఉన్నాయి అంది. కప్పలు ఉన్నాయంటే నాయనమ్మకు నమ్మకం కుదిరింది. నాకు కుదరలేదు. కప్పలు కొని తెచ్చి వేశారేమో అని ఒక ఆలోచన వచ్చింది గానీ బయటికి అనలేదు.

"సరే," అంది నాయనమ్మ. గొంతు మారింది. "ఇది గూడ అడుగు. నీ సీసా తాగొచ్చి ఒకడు పెండ్లాన్ని కొడ్తే, గామె గురించి నీ ఇంట్ల ఏం పద్ధతి ఉన్నది?"

నేను అడగనన్నాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది, అడగొద్దని. పని చేతికి వచ్చేలా ఉంది, ఈ మాటతో పోతుంది. నాయనమ్మ నన్ను చూసిన చూపుకు అడిగేశాను, తల వంచుకుని, ఒక్కో మాటా.

ద్రాక్షమ్మ తన కమిలిన చేతుల వైపు చూసుకుంది. ఇప్పుడు ఒక మంచి మాట అల్లుతుంది, మా సేటు దేవుడి పటం చూపించినట్టు ఏదో చూపిస్తుందని ఎదురుచూశాను. "దానికి మా దగ్గర పద్ధతి లేదు, దాదీ," అంది చివరికి. "కల్తీ చెయ్యం. మా తోటకు వచ్చినవాళ్ళెవరైనా తూలుతూ ఉంటే ఇంకో గ్లాసు పొయ్యం. గేటు దాటాక ఆ సీసా దగ్గరికి నా చెయ్యి అందదు. అందుతుందని చెప్తే అబద్ధం."

చెప్పాను. ఈసారి 'అట' రాలేదు. అమ్మ నేల చూస్తోంది. మా గల్లీ ఆడవాళ్ళలో సగం మంది నేలే చూస్తున్నారు. వాళ్ళలో ఒకామె పైట సర్దుకుంది. ఆ సంగతులు మా గల్లీలో అందరికీ తెలుసు, ఎవరూ అనుకోరు.

"గిది నిజం," అంది నాయనమ్మ. "ఇంతసేపటికి ఒక్క నిజం ఇన్న." అమ్మ చేతిలోంచి సంచి తీసుకుంది. "నీ చెయ్యి అందకపోతే నాది అందుతది. ఆ సీసా తే."

పసుపు మరకలతో ఉన్న ఆ ఖాళీ సీసా తెచ్చిచ్చాను. సంచిలో దింపి, మెడ చుట్టూ తాడు తిప్పి, ముడి వేసింది. నాయనమ్మ చిన్నప్పుడు చేతిమగ్గం మీద పనిచేసిన మనిషి. పడుగులో దారం తెగితే రెండు కొసలూ కలిపి మగ్గంవాళ్ళు వేసే ముడి ఒకటుంది, చిన్నది, జారదు. దానికి ఆమె తన సొంత మెలిక ఇంకోటి చేర్చింది. చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. గుంజితే బిగుస్తుంది. ఒక కొసను గోటితో మెల్లగా వెనక్కి నెట్టి, ఆగి, రెండోది లాగాలి. తొందరపడ్డవాడికి రాదు, చెయ్యి వణికినవాడికి అసలే రాదు.

"ఇప్పు," అంది.

ద్రాక్షమ్మ పట్టుకుంది. గుంజింది, బిగిసింది. మళ్ళీ చూసింది, గోరు పెట్టింది, నాలుక పంటికింద పెట్టుకుని చిన్నపిల్లలా కుస్తీ పట్టి చివరికి విప్పింది. విప్పి గట్టిగా నవ్వింది.

"సోయి ఉన్నోడు ఇప్పుకుంటడు," అంది నాయనమ్మ. "సోయి లేనోడు పండుకుంటడు. ఈ ముడితోనైతే మా కోడలు కుడ్తది. ముడి లేకుంట ఒక్క సంచి గూడ బయటికి పోదు."

ద్రాక్షమ్మ ఒప్పుకుంది. పని అమ్మకు వచ్చింది. అమ్మ ఏడుస్తుందనుకున్నాను, ఆమె టీ పెట్టింది. వెళ్ళేముందు ద్రాక్షమ్మ తన సంచిలోంచి ఒక నిండు సీసా తీసింది. గదిలో అందరూ గోడకు అంటుకుపోయారు. "ద్రాక్షరసం," అంది ఆమె కంగారుగా. "రసమే. మీ రాష్ట్రంలోకి ఇంకోటి తేకూడదని నాకు తెలుసు." నేను సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూశాను. నల్లగా ఉంది. మూత దగ్గర వాసన చూశాను. మైనం వాసన. నాకు సంతృప్తి కలగలేదని నా మొహం చూసి నాయనమ్మ సీసా లాక్కుంది, కొత్త సంచిలో పెట్టింది, తన ముడి వేసింది. "గీ పోరనికి అనుమానం పోయిన నాడు ఇప్పి తాగుదాం," అని బీరువాలో చీరల వెనక పెట్టింది.

మొదట్లో నాసిక్ వైపు నుంచి ఫిర్యాదులు వచ్చాయట, ముడి రావడం లేదని. ద్రాక్షమ్మ వాళ్ళ ఇంట్లో ఎవరు ఫోన్ ఎత్తినా 'రేపు పొద్దున ప్రయత్నించండి' అని చెప్పేవాళ్ళట. (అట అన్నాను. ఏం చెయ్యను, అలవాటు.) ఆ ముడి నాయనమ్మ అమ్మకు నేర్పింది, అమ్మ గల్లీకి నేర్పింది. నేర్చుకునేటప్పుడు పైట సర్దుకున్న ఆమె అందరికన్నా గట్టిగా వేసేది. చీరల మూట తెచ్చి తప్పులు పట్టేవాడు ఒకరోజు వస్తే అమ్మ గడపలోనే నిలబడి, 'టైం లేదు భాయ్' అంది. ఆ మాట కోసమే ఆమె ఇంత చేసిందేమో అనిపించింది నాకు. ఇప్పుడు మా ఇంటి కింద గదిలో మిషన్లు పెరిగాయి, బాపు కార్ఖానా మానేసి తాళ్ళు కత్తిరిస్తాడు, అరుస్తూనే. నేను మార్కెట్ వదిలేసి ఈ సంచుల పనే చూసుకుంటున్నాను. ఏళ్ళుగా ద్రాక్షమ్మ చెప్పిన మాట ఒక్కటి కూడా తప్పలేదు. అయినా ఆమె ఫోన్ చేసి 'ఎలా ఉన్నావు?' అంటే ఎందుకు అడుగుతోందా అని ఒక్క క్షణం ఆగుతాను.

నాయనమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఆ సీసా ఇంకా బీరువాలోనే, అదే సంచిలో, ఆమె వేసిన ముడితోనే ఉంది. అది రసమైతే ఈ పాటికి పాడై ఉంటుంది. ఇంకోటైతే ఇన్నేళ్ళుగా నేను ఒక నేరాన్ని కాపాడుకుంటూ వస్తున్నాను. గల్లీలో పోలీసు జీపు చప్పుడు వినపడితే ఇప్పటికీ లేచి వెళ్ళి దాన్ని చీరల వెనక ఇంకాస్త లోపలికి నెడతాను. "ఖోలీ నాఖ్ నే, భాయ్," అంటుంది చెల్లె విప్పెయ్యమని (ఆమెకు సూది కన్నా గుజరాతీ బాగా వచ్చు). "కత్తెర పెట్టి కట్ చెయ్, అయిపోతది." కత్తెరతో ఎవడైనా తీస్తాడు. అప్పుడు సీసా మిగులుతుంది, ముడి పోతుంది. నాయనమ్మ వేళ్ళు వేసిన ముడి ఇంట్లో అదొక్కటే ఉంది.

అందుకని ఎప్పుడైనా ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంటాను. ఎలా విప్పాలో నాకు తెలుసు, రోజూ కొత్త అమ్మాయిలకు నేర్పించేది నేనే. కొసను గోటితో వెనక్కి నెట్టాలి, ఆగాలి, రెండోది లాగాలి. పొద్దుటి నుంచి టీ తప్ప ఏమీ తాగి ఉండను. అయినా ఆ ముడి మీద గోరు పెట్టేసరికి నా వేళ్ళు వణుకుతాయి, తాగినోడి చేతుల్లాగే. సోయి లేనోడు ఏం చెయ్యాలో ఆమె ముందే చెప్పింది కదా. నాలో నేనే నవ్వుకుని, సంచిని మళ్ళీ చీరల వెనక పెట్టి, పోయి పడుకుంటాను.